మాట్లాడొద్దని మాట్లాడి గెలిచిన కప్పు

నా జీవితంలో నేను గెలిచింది ఒకే ఒక్క కప్పు. అది కూడా ఒక యుద్ధాన్ని ఆపకూడదని వాదించి గెలిచాను. ఆ యుద్ధంలో మా చిన్నాన్న ఉన్నాడు. ఈ రెండు సంగతులూ ఒకే బుర్రలో పక్కపక్కనే ఉండి కూడా ఒకదానికొకటి తగలకుండా ఎలా సర్దుకున్నాయో నాకిప్పటికీ అర్థం కాదు. అప్పటికి నాకు పందొమ్మిదేళ్లు. ఆ వయసులో బుర్ర విశాలంగా ఉంటుందంటారు. నాది విశాలంగా ఉండటానికి కారణం లోపల సామాను లేకపోవడమే.

పోయిన నెల పామర్రు వెళ్లి చిన్నాన్నను చూసి వచ్చాను. ఆయన పేరు ఆనందం. ఎనభై దాటాయి. ఎడమ చెవి పోయి దాదాపు యాభై ఏళ్లయింది, కుడి చెవి ఈ మధ్యే దాని దారి పట్టింది. నేను వెళ్లేసరికి వరండాలో పడక్కుర్చీలో కూర్చుని టీవీ చూస్తున్నాడు. అడవుల్లో తుపాకులు పట్టినవాళ్లతో ప్రభుత్వం చర్చలు జరపాలా వద్దా అని నలుగురు పెద్దమనుషులు నాలుగు గళ్లలోంచి ఒకరిమీద ఒకరు అరుచుకుంటున్నారు. "చర్చలా? తుపాకీ పట్టుకున్నోడితో చర్చలేమిటండీ!" అంటున్నాడు కోటు వేసుకున్నాయన. ఆ గొంతులో ఉరుము, ఆ చెయ్యి విసరడం, వాక్యానికీ వాక్యానికీ మధ్య చప్పట్ల కోసం వదిలే జాగా, అన్నీ నాకు బాగా తెలిసినవే. చిన్నాన్న నావైపు తిరిగి, "ఒరే ప్రసాదూ, నువ్వు టీవీలోకెప్పుడెక్కావురా?" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. పిన్ని కాఫీ తెచ్చి మా నవ్వేమిటో అర్థంకాక టీవీ కట్టేసింది. తిరుగు బస్సులో ఉయ్యూరు దాటేదాకా ఆ నవ్వు నన్ను వదల్లేదు. ఉయ్యూరు దాటాక నవ్వు పోయి దాని కిందున్నవన్నీ పైకొచ్చాయి.

ఆ రోజుల్లో మేం విజయవాడలో బందరు కాలువకి దగ్గరగా ఒక సందులో ఉండేవాళ్లం. రెండు గదులు, వంటిల్లు, ముందు ఒక అరుగు. వేసవిలో కాలువ కట్టేస్తే ఇల్లంతా బురద వాసన, నీళ్లు వదిలితే పచ్చి గడ్డి వాసన. కేలెండరు చూడకుండానే నెల చెప్పగలిగేవాళ్లం. నాన్న మిషన్ స్కూల్లో లెక్కల మాస్టారు. అమ్మ ఇంటినీ నాన్న మతిమరుపునీ కలిపి నడిపేది. నాయనమ్మ పామర్రు పక్కన పల్లెలో నలభై ఏళ్లు నాట్లు వేసి, కలుపు తీసి, మోకాళ్లు రెండూ ఆ పొలాల్లోనే వదిలేసి మా ఇంటికొచ్చి ఉంటోంది. చదువు రాదు. అయినా ఆదివారం గుడిలో, అంటే మా చర్చిలో, పాటల పుస్తకం తెరిచే పట్టుకునేది. ఏ పేజీ తెరిచినా పాట మాత్రం తప్పేది కాదు. ఆవిడ కొంగున ఎప్పుడూ వక్కపొడి పొట్లం ఒకటి ఉండేది. ప్రేమగా దగ్గరికి తీసుకున్నా, కోపంగా చెవి మెలేసినా ముందు ఆ వాసనే వచ్చేది. రెంటికీ తేడా తెలుసుకోవడానికి ఒక్క క్షణం పట్టేది.

సాయంత్రం రేడియోలో వార్తలు అయిపోగానే మా ఇంట్లో కుటుంబ ప్రార్థన. చాప పరిచి అందరం కూర్చోవాలి. ఒక కీర్తన, బైబిల్లో ఒక భాగం, ఆ తరవాత ఒక్కొక్కరూ పైకి వినబడేలా ప్రార్థన చెయ్యాలి. చిన్నవాళ్లతో మొదలై పెద్దవాళ్లతో ముగిసేది. అంటే ముందు నేను, తరవాత అమ్మ, నాన్న, చివర నాయనమ్మ. నియమాలు మూడు: కళ్లు తెరవకూడదు, ఒకరు ప్రార్థిస్తుంటే మధ్యలో ఇంకొకరు మాట్లాడకూడదు, ఆమేన్ అనేదాకా లేవకూడదు. ఇలాంటి ఇళ్లలో పెరిగినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు, మిగతావాళ్లకి చెబుతున్నాను. ఇంట్లో ఎవరి మీద ఎవరికి ఏ ఫిర్యాదున్నా ఆ గంటలోనే బయటపడేది. మొహం మీద అనలేని మాట దేవుడితో అనేవాళ్లం. అవతలివాళ్లు పక్కనే కూర్చుని వింటూ ఉండాల్సిందే, నోరెత్తడానికి లేదు. "ప్రభువా, సైకిలు చక్రాలకి అంటిన బురదతో సహా ఇంట్లోకి తెచ్చేవాళ్లకి మంచి బుద్ధి దయచెయ్యి," అని అమ్మ అంటే, మర్నాడు సైకిలు అరుగు కిందే ఆగేది. దేవుడు మా ఇంట్లో తీర్చిన తగాదాల్లో సగం ఆయన దాకా వెళ్లకముందే తీరిపోయేవి.

చిన్నాన్న సైన్యంలో డ్రైవరు. ఏడాదికి ఒకసారి సెలవు మీద వచ్చేవాడు. మా ఇంట్లో ఆనందం సంవత్సరానికి నెలరోజులే ఉంటుందని నాన్న ప్రతిసారీ అనేవారు, మేం ప్రతిసారీ నవ్వేవాళ్లం. నల్ల ట్రంకుపెట్టె మూత తీస్తే కర్పూరం ఉండలు, బూటు పాలిష్, ఇంజనాయిలు కలిసిన వాసన ఇల్లంతా పరుచుకునేది. ఆయన్ని నాగా కొండలకి పంపారు. అక్కడ ప్రభుత్వంతో పోరాడేవాళ్లూ మనలాగే చర్చికి వెళ్లేవాళ్లేనని, పాటల భాష వేరైనా రాగాలు కొన్ని మనవేనని ఒక సెలవులో చెప్పాడు. కాల్పులు ఆపుకున్న రోజుల్లో కొండమీద గుడిలో పాట మొదలైతే కింద లారీలో కూర్చుని ఆయన తెలుగులో అందుకునేవాడట. వీపున బుట్టలు కట్టుకుని సంతకి నడిచే ఆడవాళ్లని లారీ ఎక్కించుకునేవాడట. ఈ మాట నాయనమ్మ మనసులో నాటుకుపోయింది. ఇన్నాళ్లూ కొడుకు ఎవరో శత్రువుల మధ్య ఉన్నాడనుకుంది. ఇది సంఘంలో తగాదా అన్నమాట! ఇంకేం, పెద్దలు కూర్చోబెట్టి మాట్లాడిస్తే సరిపోతుందని తేల్చేసింది. ఆ రోజు నుంచి ఆవిడ ప్రార్థనలో "ఆ కొండల్లో పిల్లలు" అంటే రెండు వైపులవాళ్లూను.

తరవాత ఆ కాల్పుల విరమణ రద్దయిందని రేడియోలో విన్నాం. నాయనమ్మ "రద్దంటే?" అని అడిగింది. నాన్న చెప్పారు. ఆవిడ బియ్యంలో రాళ్లేరడం ఆపలేదు గానీ, ఆ పూట అన్నంలో రాళ్లు తగిలాయి.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా కాలేజీలో వక్తృత్వపు పోటీ పెట్టారు. విషయం: తిరుగుబాటుదారులతో ప్రభుత్వాలు చర్చలు జరపవచ్చునా? శ్రీకాకుళం కొండల్లో నక్సలైట్ల సంగతి ఎవరూ పేరెత్తి అనకుండా, అందరూ మనసులో పెట్టుకుని పెట్టిన విషయం అది. ఎటువైపు మాట్లాడాలో ఎవరికి వారే ఎంచుకోవచ్చు. నేను 'కూడదు' ఎంచుకున్నాను. ఆలోచించి కాదు. 'కూడదు' అనేటప్పుడు బల్లమీద గుద్దడానికి వీలుంటుంది, 'వచ్చును' అనేటప్పుడు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు. 'వచ్చును' అని మాట్లాడిన సన్నటి కుర్రాడు పాపం నిజంగానే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక, మధ్యమధ్యలో ఆగుతూ, రెండు వైపులా చచ్చిపోయేవాళ్ల గురించి ఏదో చెప్పాడు. వెనక బెంచీలవాళ్లు కాళ్లతో నేలమీద టపటపలాడించి అతన్ని కూర్చోబెట్టేశారు. నేను లేచాను. "ఆయుధం పట్టినవాడితో మాట్లాడటమంటే ఆయుధానికి దండం పెట్టడమే!" అన్నాను. చప్పట్లు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. చప్పట్లు మనిషిని ఆగనివ్వవు. "ఈ క్షణాన నా సొంత చిన్నాన్న నాగా కొండల్లో తుపాకీ పట్టుకుని నిలబడి మిమ్మల్ని అడుగుతున్నాడు: నా రక్తాన్ని బేరం పెడతారా?" అన్నాను. హాలు దద్దరిల్లింది. చిన్నాన్న అలాంటిదేమీ అడగలేదు. ఆఖరి ఉత్తరంలో ఆయన అడిగింది గోంగూర పచ్చడి.

కప్పు పట్టుకుని సైకిలు మీద ఒంటిచేత్తో ఇంటికొచ్చాను. నాయనమ్మ అరుగు మీద వెల్లుల్లి ఒలుస్తోంది. కప్పు చూసి మురిసిపోయింది. కొంగుతో తుడిచి, అందులో తన మొహం చూసుకుని, "ఏం చెప్పావురా అంత గొప్పగా? నాకూ చెప్పు," అంది. ఆవిడ అడగడమూ, నేను అరుగు దిగి సందులో నిలబడి మొత్తం ఉపన్యాసం చేతులూపుతూ అప్పజెప్పడమూ ఒక్క క్షణంలో జరిగిపోయాయి. చిన్నాన్న రక్తం దగ్గరికొచ్చేసరికి ఆవిడ చేతిలో వెల్లుల్లి ఆగిపోయింది. నేను అది ఉపన్యాసం ప్రభావమనుకుని గొంతు ఇంకాస్త పెంచాను.

"అంటే మాట్లాడొద్దన్నావా?" అంది, నేను ముగించాక.

"పోటీ కదా నాయనమ్మా. అందులో ఏదో ఒక వైపు…"

"వాళ్లతో మాట్లాడొద్దన్నావా, లేదా?"

"అన్నాను."

"అన్నందుకు ఇది ఇచ్చారా?"

"ఇచ్చారు."

ఆవిడ కప్పు కింద పెట్టి, వెల్లుల్లి చేటలో వేసుకుని, గోడ పట్టుకుని లేచి లోపలికెళ్లిపోయింది. నాతో మాట్లాడటం మానేసింది. అలిగిందని రెండ్రోజులు అనుకున్నాను. మూడో రోజు అమ్మ రాయబారం వెళ్లింది. "ఏంటత్తయ్యగారూ, చిన్నపిల్లాడితో పంతమేంటండీ?" అంటే, నాయనమ్మ నాకు వినబడేలా, "పంతం కాదమ్మాయ్. వాడేగా చెప్పింది, కోపమొచ్చిన మనిషి మాట్లాడకూడదని. కప్పు కూడా ఇచ్చారు. కాలేజీవాళ్లే మెచ్చుకున్న పద్ధతి, నేను కాదంటే బాగుంటదా?" అంది. నా విదేశాంగ విధానాన్ని మా ఇంట్లో అక్షరం పొల్లుపోకుండా అమలు చేసిన ప్రభుత్వం అదొక్కటే.

ఇక మిగిలిన దారి ప్రార్థన. మొదట మొదలుపెట్టింది నేనే. "ప్రభువా, పోటీకీ మనసులో మాటకీ తేడా పెద్దవాళ్లకి తెలియజెయ్యి," అన్నాను. చివర్న నాయనమ్మ వంతు వచ్చింది. "ప్రభువా, నీకు తెలీందేముంది. మనసులో లేని మాటకి అంత గట్టిగా చేతులూపే పిల్లలున్న ఇల్లిది. కనికరించు," అంది. ఆవిడదే చివరి మాట గనక నేను జవాబు చెప్పాలంటే మర్నాడు సాయంత్రం దాకా ఆగాలి. రోజుకి ఒక్క విడత. అలా మా చర్చలు మొదలయ్యాయి. చర్చలు కూడదని కప్పు గెలిచినవాడు రోజూ చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని చర్చలు జరుపుతున్నాడు, అది కూడా మధ్యవర్తి ద్వారా.

అవి ఉత్తుత్తి వాదనలు కావు. ఉపన్యాసంలో నాకు తట్టనివన్నీ ఆ చాప మీదే తట్టాయి. "ప్రభువా, చంపినవాణ్ని పిలిచి కుర్చీ వేసి కూర్చోబెడితే, చంపనివాడికి ఏం నేర్పినట్టు? రేపు ప్రతివాడూ కుర్చీ కోసం తుపాకీ పట్టుకోడా?" అన్నాను ఒక రోజు. ఇప్పటికీ అది మంచి ప్రశ్నే అనుకుంటాను. నాయనమ్మ తన వంతు వచ్చాక, "ప్రభువా, కుర్రాడు అడిగింది న్యాయమే. నాకు జవాబు తెలీదు. తీరిగ్గా ఆలోచించి నువ్వే చెప్పు. అందాకా నా కొడుకుని మటుకు అక్కడ నిలబెట్టబాక," అంది. ఇంకోరోజు నేను, "మాట ఇచ్చి తప్పేవాళ్లతో మాటలేమిటి ప్రభువా?" అన్నాను. ఆవిడ దీనికి ఆలోచించుకోలేదు. "మాట తప్పేవాళ్లతో కాకపోతే ఎవరితో మాట్లాడాలి తండ్రీ? మాట మీద నిలబడేవాళ్లతో తగాదా ఎందుకొస్తది? మా ఊళ్లో బోదె కాలవ నీళ్ల కాడ అన్నదమ్ములు తలకాయలు పగలగొట్టుకున్న సంగతి నువ్వు చూడలేదా? పెద్దలు చాపేసి కూర్చోబెడితే ఒకడు తూర్పుకి చూశాడు, ఒకడు పడమటికి చూశాడు. ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోలా. నీళ్లు మటుకు పొలంలోకి పోయినయ్," అంది. నాన్న ఇద్దరి ప్రార్థనలకీ సమానంగా తలూపేవారు. దేశానిది అలీన విధానమైతే మా నాన్నది ఆమేన్ విధానం. అమ్మకి మాత్రం ఓపిక పోయింది. "ప్రభువా, అన్నం చల్లారిపోతోంది. ఈ ఇంట్లో ఇద్దరికి క్లుప్తంగా మాట్లాడే వరం ఈ పూటే దయచెయ్యి," అంది. ఇద్దరం తగ్గలేదు.

చిన్నాన్న ఉత్తరాలు ఆగిపోయాయి.

ముందు ఎవరమూ పైకి అనలేదు. అక్కడి నుంచి ఉత్తరం రావడానికి ఎప్పుడూ ఆలస్యమే. తరవాత నాన్న స్కూలు నుంచి వస్తూ పోస్టాఫీసు మీదుగా రావడం మొదలుపెట్టారు. ఒట్టి చేతుల్తో వచ్చే మనిషి సైకిలు చప్పుడు వేరుగా ఉంటుంది. సందు మలుపు దగ్గరే తెలిసిపోయేది. కొండదారిలో సైనిక లారీల మీద దాడి జరిగిందని రేడియో చెప్పింది. ఏ లారీలు, ఎవరు, ఏమీ చెప్పలేదు. వెంటనే పంటల ధరలు చెప్పింది. ఆ సాయంత్రం నా వంతు వచ్చినప్పుడు నోట్లోంచి మాట రాలేదు. అమ్మ అందుకుంది. నాయనమ్మ వాదనలేమీ పెట్టుకోలేదు. "నా కొడుకు" అని, ఇంక సాగక, "ఆమేన్" అంది. నాకు ఆ రాత్రి ఆవిడ కాళ్లు పట్టుకుని ఏడవాలనిపించింది. కానీ నెలన్నరగా మాట్లాడని మనిషితో మొదటి మాట ఏమని మొదలుపెట్టాలో కప్పు గెలిచిన ఆ వక్తకి తెలియలేదు.

మా సంఘంలో నెలకొక ఆదివారం సంస్కారం. రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి బల్ల దగ్గరికి వెళ్లాలంటే ఎవరి మీదా మనసులో కక్ష ఉండకూడదు, ఉంటే ముందు సమాధానపడాలి. సమాధానమంటే బళ్లో జవాబు, గుళ్లో శాంతి. నాకు రెంట్లోనూ మార్కులు తక్కువే. మా జగడంలో వచ్చిన మొదటి సంస్కారపు ఆదివారం నేను పరీక్షలని వంక పెట్టి తప్పించుకున్నాను. అందరూ వెళ్లినా నాయనమ్మ బల్ల దగ్గరికి వెళ్లకుండా కూర్చుండిపోయిందని అమ్మ వచ్చి చెప్పింది. ఊహ తెలిసినప్పటి నుంచి ఆవిడ అది మానింది లేదు. రెండో నెల నాన్న నన్ను సైకిలెక్కించుకుని మరీ తీసుకెళ్లారు.

గుళ్లో మగవాళ్లు కుడివైపు, ఆడవాళ్లు ఎడమవైపు. మధ్య నడవ. పాట మొదలైంది. వరస తరవాత వరస లేచి ముందుకి నడిచారు. ఉరవడిగా పారే నీళ్లలో రెండు రాళ్లు మిగిలినట్టు నడవకి అటు చివర నాయనమ్మ, ఇటు చివర నేను మిగిలాం. ఇద్దరం ఎదురుగా గోడవైపే చూస్తున్నాం. పైన పంకా తిరుగుతోంది. నా గొంతు నాకే వినబడనంత చిన్నగా పిలిచాను.

"నాయనమ్మా."

ఆవిడ పాటల పుస్తకంలో పేజీ తిప్పింది.

"నాయనమ్మా, నేను ఆగిపోతాను. నువ్వెళ్లు."

"కక్ష పెట్టుకుని వెళ్లకూడదు," అంది, గోడతోనే.

"అయితే కక్ష వదిలెయ్."

"కక్ష కాదురా అది."

"మరేంటి?"

కొంగున వక్కపొడి పొట్లం నలుపుతూ, "భయం," అంది. "నీ మీద కోపంగా ఉన్నంతసేపూ అది కాస్త పక్కకి పోతందిరా. నిన్ను వదిలేస్తే నాకు అదొక్కటే మిగుల్తది."

నేను నడవ దాటాను. ఆడవాళ్ల వైపు కూర్చోకూడదన్న సంగతి కూడా గుర్తురాలేదు. ఆవిడ పక్కన కూర్చుని, తప్పయిందన్నాను. ఆవిడ నావైపు చూడకుండానే నా చెయ్యి వెతుక్కుని పట్టుకుంది.

"నాతో అంటే ఏం లాభం? వాడికి రాయి. వాడి పేరు చెప్పి నువ్వేం మాట్లాడావో అంతా నీ చేత్తో రాయి."

ఉత్తరం చేరుతుందో లేదోనని నోటిదాకా వచ్చింది. మింగేశాను. ఆవిడకి వినబడింది కాబోలు. "చేరుద్ది," అంది. తరవాత నా భుజం పట్టుకుని లేచింది. మోకాళ్లు సహకరించక మేం అంగుళం అంగుళం నడుస్తుంటే, బల్ల మీద గుడ్డ కప్పబోతున్న పాస్టరుగారు మమ్మల్ని చూసి చెయ్యి ఆపి, మేం చేరేదాకా అలాగే నిలబడ్డారు.

ఆ మధ్యాహ్నమే రాశాను. ఉపన్యాసం రాయడానికి ఒక పూట పట్టింది. ఈ ఒక్క ఇన్‌లాండ్ కవరు నింపడానికి మూడు కవర్లు పాడుచేశాను. రాశానని నాయనమ్మ నమ్మలేదు. పైకి చదివించుకుని, 'నా రక్తాన్ని బేరం పెడతారా' అన్న వాక్యం ఉందో లేదో చూసుకుని మరీ అంటించింది.

జవాబు రావడానికి ఎన్నాళ్లు పట్టిందో చెప్పలేను. ఆ రోజుల్ని ఎవరం లెక్కపెట్టలేదు, లెక్కల మాస్టారుతో సహా. ఒక సాయంత్రం సందు మలుపులో నాన్న సైకిలు బెల్లు ఆగకుండా మోగింది. ఉత్తరం సైనిక ఆసుపత్రి నుంచి. దాడి జరిగిన లారీల్లో ఆయనదీ ఒకటి. ఒక చెవి పోయింది. పక్క సీట్లో కూర్చునే జోడీ డ్రైవరు పోయాడు. అవి రెండు వాక్యాల్లో రాసి, మిగతాదంతా నాకే రాశాడు. "ఒరే ప్రసాదూ, స్పీచి బావుందిరా. నన్నడక్కుండా నా చేత మాట్లాడించావు గనక కప్పులో సగం నాది. ఇక్కడ నన్నెవరూ ఏదీ అడగరు. నువ్వన్నా అడిగి ఉంటే, మాట్లాడుకోమనే చెప్పేవాణ్ని." నాన్న చదవడం పూర్తికాకముందే నాయనమ్మ నేలమీద కూర్చుని ఏడ్చింది. తరవాత మొహం తుడుచుకుని, "గోంగూర సంగతేం రాయలేదా?" అంది.

సెలవు మీద వచ్చినప్పుడు అరుగు మీద కూర్చుని ఆయన్ని అడిగాను, ఈసారి నిజంగానే. పక్కవాణ్ని చంపినవాళ్లతో మాట్లాడమని ఎలా అనగలవని అడిగాను. ఎడమవైపు కూర్చున్నానని గుర్తొచ్చి, కుడివైపుకి మారి మళ్లీ అడిగాను. చిన్నాన్న నావైపు తిరిగాడు. "నాకు కోపం లేదనుకుంటన్నావా? వాడి అన్నం గిన్నె ఇంకా నా పెట్టెలోనే ఉంది. కోపముందిరా. కానీ కోపమున్నోడు కూడా ఇంటికి రావచ్చు కదా?" అన్నాడు. ఆ పైన, "వాళ్లేదో మంచోళ్లని కాదు. మేం మంచోళ్లమనీ కాదు. ఆ కొండల్లో మేం చేసినవీ ఉన్నాయి, అమ్మకి చెప్పలేనివి," అన్నాడు.

ఆ తరవాత కొంతకాలానికి అక్కడి చర్చిపెద్దలే మధ్యలో నిలబడి రెండు వైపులవాళ్లనీ కూర్చోబెట్టారు. ఒప్పందం కుదిరిందని రేడియో చెప్పినప్పుడు, ఇందులో విచిత్రమేముందన్నట్టు నాయనమ్మ మజ్జిగ చిలుకుతూనే ఉంది. ఆ ఒప్పందం అందరికీ నచ్చలేదని, నచ్చనివాళ్లు మళ్లీ కొండెక్కారని, ఆ పైన ఏళ్ల తరబడి మాటలూ తూటాలూ రెండూ నడిచాయని తరవాత తెలిసింది. అందుకని మాట్లాడుకుంటే అంతా చక్కబడిపోతుందని నేనీ వయసులో బల్ల గుద్ది చెప్పలేను. బల్లలు గుద్దడం మానేసి చాలా కాలమైంది. నేను చెప్పగలిగింది ఇంతే: ఆ మాటల మధ్య కొంత సందు దొరికింది. ఆ సందులోంచి మా చిన్నాన్న మా సందులోకొచ్చాడు. అవతలివైపు కూడా ఎవరో ఒక నాయనమ్మ వాకిట్లోకి ఎవడో ఒకడు అలాగే వచ్చి ఉంటాడు. నా ప్రశ్నకి, చంపినవాడికి కుర్చీ ఎందుకన్న దానికి, ఇప్పటికీ జవాబు లేదు. దేవుడు ఇంకా తీరిగ్గా ఆలోచిస్తున్నట్టున్నాడు. టీవీలో ఆ నలుగురినీ చూస్తే నాకు కోపం రాదు, నా పందొమ్మిదేళ్ల వయసే గుర్తొస్తుంది. తేడా అల్లా ఒక్కటే. నేను మాట్లాడి ఇంటికొచ్చేసరికి, 'ఏం చెప్పావురా, నాకూ చెప్పు' అనడానికి అరుగు మీద ఒక మనిషి ఉంది. స్టూడియో నుంచి ఇంటికెళ్లాక వాళ్లని అలా అడిగేవాళ్లున్నారో లేదో నాకు తెలీదు.

చిన్నాన్న సైన్యం నుంచి పూర్తిగా వచ్చేసి, ఆటోనగర్‌లో లారీల పనిలో చేరాక, నాయనమ్మ ఇంటి ముందు పందిరి వేయించి కృతజ్ఞత కూడిక పెట్టించింది. పామర్రు నుంచి చుట్టాలంతా దిగారు. వాళ్లందరి దృష్టిలో నాయనమ్మ ఇనుప మనిషి. మాటంటే మాటే, పట్టుపడితే కొడుకునైనా మనవణ్నయినా లెక్కచేయదని పేరు. నాతో నెలలపాటు మాట్లాడని కథ ఆవిడే అందరికీ చెప్పుకుంది, కాస్త గర్వంగానే. ఆ రోజు ఆవిడ ముందు ప్రార్థన చేసింది. ముగింపు ప్రార్థన చదువుకున్న కుర్రాడు చేస్తాడని పాస్టరుగారు నన్ను లేపారు. జీవితంలో మొదటిసారి నాయనమ్మ తరవాత నాకు వంతు వచ్చింది. పందిరి కింద అందరూ కళ్లు మూసుకున్నారు.

"ప్రభువా," అన్నాను, "మా నాయనమ్మ నాతో మాట్లాడని రోజుల్లో, రోజూ నా కంచంలో అన్నం అడుగున పెద్ద కొరమీను ముక్క ఎవరు దాచిపెట్టేవారో నీకు తెలుసు." పందిట్లో ఎవరో కిసుక్కుమన్నారు. "ఆమేన్," అంది నాయనమ్మ, గట్టిగా. నేను ఆగలేదు. "నాకు జలుబు తగ్గిందో లేదో కనుక్కు రమ్మని పక్కింటావిణ్ని మా కిటికీ దగ్గరికి పంపిందెవరో నీకు తెలుసు." "ఆమేన్!" అందావిడ ఇంకా గట్టిగా. చుట్టాలు అది భక్తి పారవశ్యమనుకుని, "ఆమేన్! స్తోత్రం!" అని అందుకున్నారు. "పరీక్షనాడు నేను లేవకముందే, చదువు రాని మనిషి నా పెన్నులో సిరా నింపబోయి చీరంతా నీలం చేసుకుని, అడిగిన అమ్మతో నీలిమందు ఒలికిందని అబద్ధమాడిన సంగతి, మాట్లాడకూడదని కప్పు గెలిచిన నాకు తెలీదనుకుంది గానీ నీకు తెలుసు తండ్రీ." ఇనుప మనిషి కరిగిపోవడం పామర్రు మొత్తం వింది. నియమం తప్పి ఒక కన్ను తెరిచి చూశాను. నాయనమ్మ కూడా ఒక కన్ను తెరిచి, కొంగు నోటికడ్డం పెట్టుకుని, లేచాక నీ పని చెబుతానన్నట్టు నన్నే చూస్తోంది. ప్రార్థన నడుస్తుండగా నోరెత్తడానికి వీల్లేదు కదా. నేను కన్ను మళ్లీ మూసుకున్నాను.

"ఇంకా ఉంది ప్రభువా," అన్నాను.